హిందూపురానికి ఆర్డీవో ఆఫీసు కూడా లేదెందుకు? ధర్మవరం డివిజన్ ఎలా నిలిచింది? జిల్లాల గీతలు గీసేది ఎవరు.. మార్చేది ఎలా?

శ్రీసత్యసాయి జిల్లాలో పెద్ద ఊరు ఏదంటే ఎవరైనా చెప్పే పేరు హిందూపురమే. 2011 లెక్కల నాటికే లక్షన్నర జనాభా. చింతపండు మార్కెట్, పట్టుగూళ్ల మార్కెట్, తూముకుంట పారిశ్రామికవాడ, బెంగళూరు రైల్వే లైను అన్నీ ఉన్నాయి. కానీ కలెక్టరేట్ లేదు. పోనీ ఆర్డీవో ఆఫీసన్నా ఉందా అంటే, అదీ లేదు.

భూమి తగాదా తహసీల్దార్ దగ్గర తేలకపోతే హిందూపురం రైతు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని పెనుకొండకు వెళ్లాలి. కలెక్టర్‌కు అర్జీ ఇవ్వాలంటే 65 కిలోమీటర్లు దాటి పుట్టపర్తికి. జిల్లా పరిషత్‌లో పని పడితే ఇంకో జిల్లాలో ఉన్న అనంతపురానికి, అంటే 110 కిలోమీటర్ల వరకు. జిల్లా విడిపోయినా ఈ మూడో ప్రయాణం మాత్రం పోలేదు.

ఇదంతా ఎలా జరిగింది? ఈ గీతలు మార్చే అధికారం ఎవరిది? అందులో జనం మాటకు ఎంత విలువ ఉంది?

ముందు ఇది క్లియర్ చేసుకుందాం.. జిల్లా ఒకటి కాదు!

జిల్లా అనే మాటను అందరూ ఒకే అర్థంలో వాడేస్తుంటారు. నిజానికి ఒకే నేల మీద రెండు మూడు వ్యవస్థలు పక్కపక్కనే నడుస్తుంటాయి. మొదటిది రెవెన్యూ. కలెక్టర్, ఆయన కింద ఆర్డీవో లేదా సబ్ కలెక్టర్, ఆ కింద తహసీల్దార్, ఊళ్లో వీఆర్వో. వీళ్లెవరినీ జనం ఎన్నుకోరు. రెండోది పంచాయతీరాజ్. జెడ్పీ చైర్‌పర్సన్, ఎంపీపీ, సర్పంచ్. వీళ్లు ఓట్లతో వస్తారు. పట్టణాల్లో అయితే మున్సిపాలిటీ లేదా నగర పంచాయతీ. రెవెన్యూ జిల్లాకు ఒక చట్టం, పంచాయతీలకు ఇంకో చట్టం, మున్సిపాలిటీలకు మరో చట్టం. ఒకటి మారినంత మాత్రాన మిగతావి వాటంతట అవే మారవు.

పెనుకొండ మండలం ఎర్రమంచినే తీసుకోండి. కియా కార్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు అదే. 2019 డిసెంబర్‌లో ఆ ప్లాంట్ ప్రారంభోత్సవం జరిగినప్పుడు ఊరు అనంతపురం జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీసత్యసాయి జిల్లా. కలెక్టర్ మారారు, ఎస్పీ మారారు. ఆ మండలం నుంచి గెలిచిన జెడ్పీటీసీ మాత్రం మీటింగ్‌కు అనంతపురమే వెళ్లాలి.

మండలాలు తెచ్చింది హిందూపురం ఎమ్మెల్యేనే!

పాలనా గీతలను తిరగరాయడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయింది పెనుకొండే. బ్రిటిష్ కాలంలో ఇదంతా బళ్లారి జిల్లా. అందులోంచి 1882లో అనంతపురం జిల్లా వచ్చింది. కదిరి తాలూకాను 1910లో కడప నుంచి తెచ్చి కలిపారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పెనుకొండ, హిందూపురం, ధర్మవరం, మడకశిర, కదిరి ఇవన్నీ తాలూకా కేంద్రాలే. తాలూకా ఆఫీసంటే చిన్న విషయం కాదు. చుట్టుపక్కల ఎన్నో ఊళ్ల జనం పొద్దున్నే బస్సెక్కి వచ్చి, సాయంత్రానికి కూడా పని కాక వెనక్కి వెళ్లేవారు.

అది మారింది 1985లో. ఎన్టీఆర్ ఆ ఏడాది ఎన్నికల్లో మూడు చోట్ల పోటీ చేసి గెలిచి, హిందూపురం సీటు ఉంచుకున్నారు. అంటే హిందూపురం ఎమ్మెల్యేనే ముఖ్యమంత్రి. మే నెలలో తాలూకాలు, ఫిర్కాలు తీసేసి రాష్ట్రమంతా సుమారు 1,100 మండలాలు చేశారు. అంతకుముందు ఏడాదే కరణాలు, మునసబుల వంశపారంపర్య పదవులు రద్దయ్యాయి. 1986లో చట్టం తెచ్చి పాత పంచాయతీ సమితుల స్థానంలో మండల ప్రజా పరిషత్‌లు పెట్టారు. 1987లో ఎన్నికలు జరిపారు.

ఈ సంస్కరణలో గమనించాల్సిన పాయింట్ ఒకటుంది. అప్పుడు రెవెన్యూ గీత, ఎన్నికైన సంస్థ గీత ఒకే మ్యాప్ మీదకు వచ్చాయి. తహసీల్దార్ మండలం ఏదో ఎంపీపీ మండలం కూడా అదే. అందుకే మండలం ఇప్పటికీ జనానికి బాగా అర్థమయ్యే యూనిట్. 2022లో జిల్లాల విషయానికి వచ్చేసరికి ఆ జాగ్రత్త కనిపించలేదు.

చట్టం ఏం చెబుతోంది?

రెవెన్యూ జిల్లాలు, డివిజన్లు, మండలాలు మార్చడానికి ఆధారం 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జిల్లాల ఏర్పాటు చట్టం. దాని మూడో సెక్షన్ ప్రకారం కొత్త జిల్లా పెట్టాలన్నా, హద్దు జరపాలన్నా, పేరు మార్చాలన్నా రాష్ట్ర ప్రభుత్వం గెజిట్ నోటిఫికేషన్ ఇస్తే చాలు. అసెంబ్లీలో ప్రతిసారీ బిల్లు పెట్టి ఓటింగ్ జరపాల్సిన పని లేదు. కేంద్రం అనుమతీ అక్కర్లేదు.

అయితే ఒక కండిషన్ ఉంది. ముందు ప్రతిపాదన ప్రచురించి అభ్యంతరాలు, సలహాలు తీసుకోవాలి. అందుకు 30 రోజులు టైమ్ ఇస్తారు. అర్జీలు కలెక్టర్‌కు వెళ్తాయి. అక్కడి నుంచి ప్రభుత్వానికి. ఆ తర్వాతే తుది నోటిఫికేషన్. మామూలు మనిషికి ఈ మొత్తం ప్రక్రియలో తలుపు తెరిచి ఉండేది ఆ 30 రోజులే.

1984లో వచ్చిన రూల్స్‌లో ఏయే అంశాలు చూడాలో కూడా రాశారు. విస్తీర్ణం, జనాభా, చారిత్రక సంబంధం, భౌగోళికంగా కలిసి ఉండటం, సౌకర్యాలు, పాలనా సౌలభ్యం, ఇలా ఉంటుంది ఆ జాబితా. పార్లమెంటు నియోజకవర్గం అనే మాట అందులో లేదు. కానీ 2022 విభజన మొత్తం దాని మీదే నడిచింది.

25 ఎంపీ సీట్లు.. 26 జిల్లాలు

ఒక్కో లోక్‌సభ నియోజకవర్గాన్ని ఒక్కో జిల్లా చేస్తామన్నది 2019 ఎన్నికల ముందు వైఎస్సార్‌సీపీ ఇచ్చిన హామీ. 2020 ఆగస్టులో అప్పటి చీఫ్ సెక్రటరీ నీలం సాహ్ని ఆధ్వర్యంలో అధికారుల కమిటీ వేశారు. 2022 జనవరి 26న ముసాయిదా నోటిఫికేషన్లు వచ్చాయి. ఏప్రిల్ 3న తుది గెజిట్, 4న కొత్త జిల్లాలు మొదలు. అరకు నియోజకవర్గం మరీ పెద్దది కాబట్టి రెండు చేశారు. అలా 13 జిల్లాలు 26 అయ్యాయి.

హిందూపురం లోక్‌సభ సీటు కొలతగా వచ్చిన జిల్లాకు శ్రీసత్యసాయి పేరు, పుట్టపర్తి కేంద్రం. రచ్చ మొదలైంది ఇక్కడే. 2022 ఫిబ్రవరి 4న ఎమ్మెల్యే నందమూరి బాలకృష్ణ హిందూపురంలో ర్యాలీ తీసి అంబేడ్కర్ విగ్రహం దగ్గర మౌన దీక్షకు కూర్చున్నారు. సత్యసాయి పేరు ఉంచండి, కేంద్రం మాత్రం హిందూపురం చేయండి అన్నది ఆయన డిమాండ్. అవసరమైతే పదవికి రాజీనామా చేస్తానని కూడా అన్నారు. తండ్రి మండలాలు తెచ్చిన సీటు నుంచే కొడుకు జిల్లా కేంద్రం కోసం కూర్చోవాల్సి వచ్చింది.

ఎవరి వాదన కరెక్ట్? రూల్స్ ముందు పెట్టుకుని చూస్తే రెండు వైపులా బలం ఉంది. జనాభా, వ్యాపారం, పరిశ్రమలు చూస్తే హిందూపురానికి పోటీ లేదు. 2011లో పుట్టపర్తి జనాభా 15 వేలే. కానీ మ్యాప్ తెరిచి చూడండి. హిందూపురం దక్షిణపు అంచున, కర్ణాటక బోర్డర్‌ను ఆనుకుని ఉంది. కదిరి జనానికి, ధర్మవరం జనానికి అది చాలా దూరం. పుట్టపర్తి మాత్రం కాస్త మధ్యలో పడుతుంది. ధర్మవరం, పెనుకొండ, కదిరి మూడూ ఓ గంట అటూ ఇటూ ప్రయాణం. విమానాశ్రయం, సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్ ముందే ఉన్నాయి. కాబట్టి కలెక్టరేట్ పుట్టపర్తికి వెళ్లడాన్ని అన్యాయం అనలేం. జిల్లాలో అతి పెద్ద పట్టణానికి కనీసం డివిజన్ ఆఫీసు కూడా దక్కకపోవడానికి మాత్రం సమర్థన దొరకదు.

ధర్మవరం నేర్పిన పాఠం

ఆ 30 రోజుల కిటికీ ఊరికే ఉండదని చూపించింది ధర్మవరం. జనవరి ముసాయిదాలో పుట్టపర్తి కొత్త రెవెన్యూ డివిజన్‌గా వచ్చింది. ధర్మవరం డివిజన్ గల్లంతైంది. లక్షా 20 వేలకు పైగా జనాభా, వేల మగ్గాలు, పెద్ద రైల్వే జంక్షన్ ఉన్న ఊరు అది. అక్కడి నుంచి ఆర్డీవో ఆఫీసు ఎత్తేస్తారంటే ఊరు ఊరుకోలేదు. దీక్షలు, ర్యాలీలు జరిగాయి. అభ్యంతరాలు కుప్పలుగా వెళ్లాయి. చివరికి ఏప్రిల్ గెజిట్‌లో జిల్లాకు నాలుగు డివిజన్లు వచ్చాయి. ధర్మవరం, పెనుకొండ, పుట్టపర్తి, కదిరి.

రాప్తాడు వైపు కూడా గీత జరిగింది. రామగిరి, కనగానపల్లి, చెన్నేకొత్తపల్లి మండలాలు శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చి ధర్మవరం డివిజన్‌లో చేరాయి. రాప్తాడు, ఆత్మకూరు వైపు మాత్రం అనంతపురంలోనే ఉండిపోయాయి. ఒకే అసెంబ్లీ నియోజకవర్గం, రెండు జిల్లాలు. ఎంపీ సీటే కొలత అన్న మాట ఇక్కడే సగం వీగిపోయింది. అయినా అనంతపురం పక్కనున్న ఊళ్లను పుట్టపర్తికి పంపకపోవడమే నయం.

తెలంగాణలోనూ ఇదే కథ. 2016 ఆగస్టు ముసాయిదాలో 17 కొత్త జిల్లాలే ఉన్నాయి. జనగామ, సిరిసిల్ల, గద్వాల లాంటి చోట్ల జనం రోడ్డెక్కాక అక్టోబర్ 11న వచ్చిన కొత్త జిల్లాలు 21. అంటే ముసాయిదా ఫైనల్ కాదు. అలాగని గొడవ చేసిన ప్రతి ఊరికీ అడిగింది దొరకదు. ధర్మవరం అడిగింది ఉన్నదాన్ని ఉంచమని. హిందూపురం అడిగింది ఇంకో ఊరికి ఇచ్చినదాన్ని తనకు ఇమ్మని. రెండోది ఎప్పుడైనా కష్టమే.

జెడ్పీ మాత్రం ఇంకా అనంతపురమే.. ఎందుకు?

జిల్లా విడిపోయి కలెక్టర్లు ఇద్దరైనా జిల్లా పరిషత్ మాత్రం ఒకటే. కారణం సింపుల్. ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికల పోలింగ్ 2021 ఏప్రిల్ 8న జరిగింది. కోర్టు కేసులతో కౌంటింగ్ ఆగి సెప్టెంబర్ 19న జరిగింది. సెప్టెంబర్ 25న బోయ గిరిజమ్మ అనంతపురం జెడ్పీ చైర్‌పర్సన్ అయ్యారు. ఆరు నెలలు తిరిగేసరికి జిల్లా రెండు ముక్కలైంది. ఐదేళ్ల కోసం ఎన్నికైన సంస్థను మధ్యలో చీల్చడం కుదరదని, పాత 13 జిల్లాల ప్రకారమే జెడ్పీలను కొనసాగించారు. అలా పాత అనంతపురంలోని 63 మండలాలకూ, అంటే కొత్త అనంతపురంలో 31, శ్రీసత్యసాయిలో 32 మండలాలకూ, ఒకే జెడ్పీ నడిచింది.

దీనివల్ల ఎవరికి ఇబ్బంది? టీచర్లను అడిగితే తెలుస్తుంది. జెడ్పీ హైస్కూళ్లలో పనిచేసేవాళ్ల పీఎఫ్ ఖాతాలు చూసేది జిల్లా పరిషత్ ఆఫీసు. మడకశిర పక్క ఊళ్లో టీచర్ కూతురి పెళ్లికి పీఎఫ్ లోన్ పెట్టుకుంటే ఆ ఫైలు వెళ్లేది అనంతపురానికే. జెడ్పీ మీటింగ్ పెడితే రెండు జిల్లాల అధికారులూ రావాలి. గ్రామీణ రోడ్లు, తాగునీటి మీద అడిగే జెడ్పీటీసీకి జవాబు చెప్పే అధికారి ఒక జిల్లాలో, మీటింగ్ ఇంకో జిల్లాలో.

ఉద్యోగాల సంగతీ అంతే. 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో వచ్చిన మెగా డీఎస్సీ పాత 13 జిల్లాల లెక్కన నడిచింది. ఆధార్ అడ్రస్‌లో శ్రీసత్యసాయి జిల్లా ఉన్నా, ధర్మవరం అభ్యర్థి పోటీపడింది అనంతపురం జిల్లా పోస్టులకే.

తెలంగాణ ఈ చిక్కును ఎన్నికల దగ్గర విప్పింది. 2016లో జిల్లాలు పెరిగినా పాత జెడ్పీలే నడిచాయి. 2019 స్థానిక ఎన్నికలు కొత్త జిల్లాల ప్రకారం పెట్టి 32 జెడ్పీలు ఏర్పాటు చేశారు. శ్రీసత్యసాయికి సొంత జెడ్పీ రావాలన్నా సహజంగా దారి అదే. జెడ్పీ విడిపోతే ఆస్తులు, అప్పులు, సిబ్బంది, పీఎఫ్ ఖాతాలు అన్నీ పంచుకోవాలి. కలెక్టరేట్ బోర్డు మార్చినంత ఈజీ కాదు.

2025లో మళ్లీ రివ్యూ.. ఈసారి మడకశిరకు చాన్స్

ప్రభుత్వం మారాక 2025 జులైలో మంత్రుల బృందం ఒకటి వేశారు. రెవెన్యూ మంత్రి అనగాని సత్యప్రసాద్ దాని నాయకుడు. ధర్మవరం ఎమ్మెల్యే, మంత్రి సత్యకుమార్ యాదవ్ కూడా అందులో సభ్యుడు. నవంబర్‌లో ప్రతిపాదనలు, 30 రోజుల అభ్యంతరాలు, డిసెంబర్ చివర్లో ఫైనల్. మార్కాపురం, పోలవరం కొత్త జిల్లాలుగా వచ్చి మొత్తం 28 అయ్యాయి. కొత్త రెవెన్యూ డివిజన్ల జాబితాలో మడకశిర పేరు ఉంది.

పెనుకొండ మీద భారం దీంతో తగ్గుతుంది. మడకశిర అవతలి అమరాపురం, అగళి ఊళ్ల వాళ్లు పెనుకొండకు రావాలంటే ఒక రోజు పోయినట్టే. ఆ లెక్కన ఇది న్యాయమైన నిర్ణయం. హిందూపురం మాత్రం మళ్లీ పెనుకొండ కిందే మిగిలింది. లేపాక్షి, చిలమత్తూరు కూడా అంతే.

ఇదే రౌండ్‌లో హిందూపురం వాళ్లు జాగ్రత్తగా చూడాల్సిన ఇంకో నిర్ణయం ఉంది. అన్నమయ్య జిల్లా కేంద్రాన్ని రాయచోటి నుంచి మదనపల్లెకు మార్చారు. నాలుగేళ్లు కూడా నిండకుండానే జిల్లా కేంద్రం ఊరు మారింది. ఒకసారి ఇచ్చిన జిల్లా కేంద్రం ఇక కదలదు అనే మాట ఇకపై చెల్లదు. పుట్టపర్తి వాళ్లకు ఇది గుబులు పుట్టించే విషయమే.

ఊరి స్థాయిలో ఏం మారింది?

పెనుకొండ మేజర్ పంచాయతీ కాస్తా నగర పంచాయతీ అయింది. 2021 నవంబర్‌లో 20 వార్డులకు తొలి ఎన్నిక జరిగింది. పేరు మారితే ఏమవుతుందిలే అనుకుంటే పొరపాటు. పంచాయతీ మున్సిపల్ చట్టం కిందకు వెళ్లగానే ఇంటి పన్ను లెక్క మారుతుంది. ప్లాన్ అప్రూవల్ మారుతుంది. గ్రామీణ ఉపాధి పనులు ఆ ఊరికి వర్తించవు. బదులుగా పట్టణ పథకాల నిధులు, వీధి దీపాలు, పారిశుధ్యం మెరుగవుతాయని లెక్క. ఊరి శివార్లలో కూలికి వెళ్లే కుటుంబానికి ఈ బేరం లాభమా నష్టమా అన్నది ఇంటింటికీ వేరు.

2025 అక్టోబర్‌లో రాష్ట్ర కేబినెట్ పంచాయతీ క్లస్టర్లను రద్దు చేసింది. 13,351 గ్రామ పంచాయతీలను నాలుగు గ్రేడ్లుగా విడగొట్టి, పంచాయతీ కార్యదర్శి పోస్టును పంచాయతీ అభివృద్ధి అధికారిగా మార్చింది. డిసెంబర్ 4న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ చిత్తూరు నుంచి 77 డివిజనల్ డెవలప్‌మెంట్ ఆఫీసులను వర్చువల్‌గా ప్రారంభించారు.

ఈ 77 అంకె ఎక్కడిది? రెవెన్యూ డివిజన్‌కు ఒకటి లెక్కన పెట్టారు. అంటే డివిజన్ ఇప్పుడు భూముల ఫైళ్లకే కాదు, పంచాయతీల పర్యవేక్షణకూ యూనిట్. 2022లో ఆర్డీవో ఆఫీసును నిలుపుకున్న ధర్మవరానికి ఈ ఆఫీసు కూడా దానివెంటే వచ్చింది. డివిజన్ లేని హిందూపురానికి రెండో ఆఫీసూ దూరమైంది.

ఇక ముందేంటి?

జనగణన 2027 కోసం దేశమంతా జిల్లాలు, మండలాలు, ఊళ్ల హద్దులు 2025 డిసెంబర్ 31 తర్వాత మార్చకూడదని కేంద్రం ముందే చెప్పింది. ప్రభుత్వం డిసెంబర్ ఆఖర్లో హడావుడిగా ఫైనల్ చేయడం వెనుక కారణం కూడా ఇదే. 2027 మార్చి 31 వరకు ఈ ఫ్రీజ్ ఉంటుంది. కాబట్టి మండలాలు చీల్చండి, హద్దులు జరపండి అనే అర్జీలకు అప్పటిదాకా కదలిక ఉండదు.

ఆ తర్వాత ఎప్పుడైనా మళ్లీ ముసాయిదా వస్తే, గెజిట్‌లో తేదీ చూసుకుని 30 రోజుల్లోపు కలెక్టర్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. మండలం పేరు, ఊరి పేరు, ఇప్పుడున్న ఆఫీసుకు ఎంత దూరం, ప్రతిపాదిత ఆఫీసుకు ఎంత దూరం, బస్సు ఉందా లేదా.. ఇలాంటి వివరాలు రాస్తే 1984 రూల్స్‌లోని అంశాలకు నేరుగా తగులుతాయి. గ్రామ సభ తీర్మానం, మున్సిపల్ కౌన్సిల్ తీర్మానం ఉంటే జతచేయొచ్చు. ధర్నా ఫొటో పేపర్లో పడినా, ప్రభుత్వానికి వెళ్లే ఫైల్లో ఉండేది ఈ కాగితమే.

జెడ్పీ విషయంలో చూడాల్సింది వేరే కాగితం. 2021 సెప్టెంబర్‌లో కొలువుదీరిన పాలకవర్గానికి ఐదేళ్ల గడువు 2026 సెప్టెంబర్‌తో ముగుస్తుంది. తర్వాతి జెడ్పీటీసీ రిజర్వేషన్ల జాబితాలో పెనుకొండ, ధర్మవరం, హిందూపురం మండలాల పైన జిల్లా పేరు ఏమని ఉంటుందో, టీచర్ పీఎఫ్ ఫైలు ఏ ఊరికి వెళ్లాలో కూడా అక్కడే తేలుతుంది.